కొండకు చెవులే గాని నోరు లేదా?

ఆకాశవాణి, దూరదర్శన్‌ల ఆధునికీకరణకు 2,539.61 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఆమోదించింది. అది పూర్తయ్యేసరికి ఎఫ్‌ఎం ప్రసారాలు దేశ భూభాగంలో 59 శాతం నుంచి 66 శాతానికి, జనాభాలో 68 శాతం నుంచి 80 శాతానికి విస్తరిస్తాయని చెప్పారు. ఎనభై ఘనమైన అంకే. కాదనలేం. అయితే లక్ష్యం సాంతం నెరవేరిన నాడు కూడా వెలుపలే ఉండిపోయే ఆ ఇరవై శాతం ఎవరన్నది ప్రకటన చేసినవారు చెప్పలేదు. చెప్పమని గట్టిగా అడిగినవారూ లేరు.

వాళ్ల చిరునామా వెతకడానికి సర్వేలు అక్కర్లేదు. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు. అది కంటిచూపులా నేరుగా పోతుంది. కొండ అడ్డం వస్తే అక్కడితో సరి. మీడియం వేవ్ తీరు వేరు. విశాఖపట్నం కేంద్రానికి కేటాయించిన 927 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 323 మీటర్ల పైమాటే. అంత పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకుని సాగుతుంది, గుట్టను దాటుకుని అవతలి లోయలోకీ దిగుతుంది. పట్నంలో ట్యూబులైటు వేసినా, మిక్సీ తిప్పినా గరగరలాడే ఆ పాత రేడియోయే మన్యంలో మైళ్ల దూరం పలికేది. అందుకే దేశంలో పలుచోట్ల మీడియం వేవ్‌ను కుదించుకుంటూ, ఎఫ్‌ఎంను పెంచుకుంటూ పోతున్న విధానాన్ని మైదానంలో సాంకేతిక మార్పు అనవచ్చు. తూర్పు కనుమల్లో మాత్రం దాని అర్థం వేరు: కొంతమంది పౌరులను లెక్కలోంచి తీసేయడం.

రాజవొమ్మంగి పేరు తెలుగువాళ్లకు ఎందుకు తెలుసో చెప్పనక్కర్లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు అల్లూరి సీతారామరాజు దళం చేతికి చిక్కాయి. రాజవొమ్మంగి ఠాణాలో నిర్బంధంలో ఉన్న వీరయ్య దొరను విడిపించుకుని మరీ వెళ్లారు. ఎక్కడికి వస్తున్నదీ మిరపకాయ టపాతో ముందే కబురు పెట్టి కొట్టిన పోరాటమది. ఊరూరా బారికి వేసే కేక, సంతలో ఒకరి నుంచి ఒకరికి పాకే వార్త, కొండ మీది నుంచి కొండ మీదికి చేరే డప్పు చప్పుడు... వైరు, వైర్‌లెస్సు లేకుండానే ఈ అడవి తన సమాచార వ్యవస్థను తాను నడుపుకుంది. బ్రిటిషు సర్కారు దాదాపు రెండేళ్లు ఆ వ్యవస్థను ఛేదించలేక తలకిందులైంది.

ఆ తర్వాతి నూరేళ్లలో ప్రభుత్వాలు ఈ కొండల్లోకి చాలానే తెచ్చాయి. ఠాణాలు కట్టాయి, అటవీ చెక్‌పోస్టులు పెట్టాయి, ఆశ్రమ పాఠశాలలు తెరిచాయి, ఐటీడీఏలు నెలకొల్పాయి. 2022లో సీతారామరాజు 125వ జయంతి పేరిట భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. అదే ఏడు ఈ కొండల జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఇవన్నీ మంచివే. కానీ ఆకాశవాణి స్టూడియో ఒక్కటీ పెట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆకాశవాణి కేంద్రాల పేర్లు చదవండి: విజయవాడ, విశాఖపట్నం, కడప, తిరుపతి, అనంతపురం, కర్నూలు, మార్కాపురం. అన్నీ షెడ్యూల్డు ప్రాంతం వెలుపలివే. మన్యానికి ఏం చెప్పాలన్నా సముద్రపు ఒడ్డున కూర్చుని చెప్పాలి. మన్యం ఏం చెప్పదలచుకున్నా ఘాట్ రోడ్డు దిగి రావాలి.

ఇది దేశమంతటా ఉన్న లోపం అయివుంటే కాస్త సర్దుకోవచ్చు. అలా కాదు. అరకు దాటి కనుమకు అవతల, కొరాపుట్ జిల్లాలో జయపురం అనే చిన్న పట్నం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలోదే. జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిచ్చి పోషించిన దాత. అక్కడ 1964లోనే మీడియం వేవ్ కేంద్రం వెలిసింది. ఒడియాతో పాటు ఆ కొండల్లో అందరికీ తెలిసిన దేశియా మాటలోనూ ప్రసారాలు చేసింది. దండకారణ్య ప్రాజెక్టు, సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారం ఆ ప్రాంతానికి వచ్చిన రోజులవి. ఢిల్లీ దృష్టి ఆ కొండల మీద పడింది, దానితో పాటే రేడియో స్తంభమూ లేచింది. మాచ్‌ఖండ్ కరెంటును రెండు రాష్ట్రాలూ పంచుకున్నాయి. రేడియో మాత్రం అటువైపే ఆగిపోయింది. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు ఆదివాసీ ఒడియా మాట్లాడే కుటుంబాలకు తమ పలుకుకు దగ్గరి పలుకు రేడియోలో దొరికిందంటే అది పొరుగు రాష్ట్రం చలవ.

ఇంకా పైకి పోతే బస్తర్. జగదల్‌పూర్ కేంద్రం 1977లో మొదలై హల్బీ, గోండీల్లో మాట్లాడింది. మన తెలుగు నేల మీదే, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే, ఆదిలాబాద్‌లో 1986 అక్టోబరులో స్థానిక రేడియో కేంద్రం తెరిచారు. గోండీ, కొలామీ, లంబాడీ పాటలు, కబుర్లు అక్కడి నుంచి వినిపించాయి. ఉట్నూరు వైపు తండాలో, గూడెంలో కూర్చున్న మనిషి తన భాష ఒక ప్రభుత్వ యంత్రంలోంచి రావడం విన్నాడు. దాని విలువను శ్రోతల సంఖ్యతో కొలవడం సాధ్యం కాదు. భాషకు లిపి లేదని, ఉద్యోగం రాదని, బళ్లో పలికితే నవ్వుతారని బిడ్డలతో కూడా మాట్లాడటం మానుకునే స్థితిలో ఉన్న జాతికి ఆ అరగంట ఎంత ధైర్యం! జయపురం, జగదల్‌పూర్, ఆదిలాబాద్ మూడూ చిన్న పట్నాలే. మూడింటా కేంద్రం నడవగలిగినప్పుడు పాడేరులోనో, రంపచోడవరంలోనో, రాజవొమ్మంగిలోనో నడవదనడానికి కారణం ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు రాసిన దస్త్రం ఏదీ ప్రజల ముందుకు రాలేదు.

రాజవొమ్మంగి, అడ్డతీగల వైపు కొండరెడ్లు, కొండకమ్మర్లు, కోయదొరలు మాట్లాడేది తెలుగే కదా, విశాఖ కేంద్రం చాలదా అని అడిగేవారు ఉన్నారు. నిజమే, వాళ్లది తెలుగే. కానీ రేడియో తెలుగు కాదు. పోడు మీద విత్తు జల్లే వేళ, జీడిమామిడి పూతకు పట్టిన తెగులు, చింతపండు దించే కాలం, జ్వరం పేర్లు, దేవత పేర్లు... వీటికి కొండ తెలుగులో ఉన్న మాటలు వేరు. మైదానపు రైతుకు తయారుచేసిన పాడిపంటల పాఠం వాళ్లకు అర్థమవుతుంది, పనికిరాదు. కాలువ నీటి వరికి చెప్పే ఎరువుల లెక్క పోడు భూమిలో సామకు, రాగికి ఏం ఉపయోగం? ఇక ఎగువన కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్ల సంగతి చెప్పేదేముంది.

ఇందులో చట్టం ఏమంటున్నదో చూడాలి. ప్రసార భారతి చట్టాన్ని పార్లమెంటు 1990లో ఆమోదించింది, 1997లో అది అమల్లోకి వచ్చింది. సంస్థ ఏం చేయాలో 12వ సెక్షన్ చెబుతుంది. వివిధ ప్రాంతాల భాషలకు, సంస్కృతులకు తగిన చోటివ్వాలి. మైనారిటీల, గిరిజన సమూహాల ప్రత్యేక అవసరాలను దృష్టిలో పెట్టుకుని కార్యక్రమాలు రూపొందించాలి. వెనుకబడిన, మారుమూల ప్రాంతాలవారికి సేవ చేయాలి. ఇవి ఏ మంత్రో సభలో ఇచ్చిన హామీలు కావు, పార్లమెంటు విధించిన కర్తవ్యాలు. అది అమల్లోకి రావడానికి రెండేళ్ల ముందే, 1995 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ప్రసార రంగం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోనూ, డబ్బున్నవాళ్ల గుత్తాధిపత్యంలోనూ ఉండకూడదని ఆ కేసులో విడిగా తీర్పు రాసిన న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మన తెలుగువారే. ప్రజల ఆస్తిలో కొండ ప్రజల వాటా ఎంత? మూడు దశాబ్దాలుగా ఆ లెక్క తేలలేదు.

అదే సమయంలో అధికార స్వరం కొండకు చేరడానికి ఏ అడ్డంకీ రాలేదన్నది గమనించాలి. ప్రధానమంత్రి నెలనెలా రేడియోలో చేసే 'మన్ కీ బాత్' ప్రసంగం 22 భాషల్లో, 29 మాండలికాల్లో ప్రసారమవుతుందని ఆకాశవాణి సగర్వంగా చెబుతుంది. తప్పుపట్టడానికి ఏమీ లేదు. దేశ నాయకుడి మాట అందరికీ అర్థం కావాల్సిందే. కానీ ఒక మాటను 29 మాండలికాల్లోకి మార్చగల యంత్రాంగానికి, ఆ మాండలికాల్లో ఎదురు మాట వినే యంత్రాంగం ఎందుకు కొరవడింది? నూరో ప్రసంగానికి రెండు రోజుల ముందు, 2023 ఏప్రిల్ 28న, 100 వాట్ల సామర్థ్యం గల 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లను ఒకేసారి ప్రారంభించారు. రెండు కోట్ల మందికి కొత్తగా రేడియో అందుతుందన్నారు. మంచిదే. అయితే ట్రాన్స్‌మిటర్ వేరు, స్టూడియో వేరు. ఎక్కడో తయారైన కార్యక్రమాన్ని అందుకుని మళ్లీ వదిలే పెట్టె ఊరివాళ్ల చెవికే పనికొస్తుంది. ఊరివాళ్ల నోటికి పనికిరాదు.

ప్రైవేటు రంగం ఆ ఖాళీ పూరిస్తుందని ఆశించేవారికి 2024 ఆగస్టు నిర్ణయం చూపిస్తే చాలు. 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం ఛానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వెనుకబడిన జిల్లాలకు, వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకు మేలు జరుగుతుందని ప్రకటనలో రాశారు. ఆంధ్రప్రదేశ్‌కు 22 పట్టణాలు, 68 ఛానళ్లు వచ్చాయి. కాకినాడ ఉంది, విజయనగరం ఉంది, శ్రీకాకుళం ఉంది. మన్యం పట్నం ఒక్కటీ లేదు. ఉండదు కూడా. లక్ష జనాభా లేని చోట ప్రకటనలు దొరకవు, ప్రకటనలు లేనిచోట వేలం పాడే సంస్థ ఉండదు. ఒకవేళ ఎవరైనా వచ్చినా సొంత వార్తలు చదివే హక్కు లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించాల్సిందే. టీవీలో ఎవరైనా గొంతు చించుకుని ఏమైనా అరవొచ్చు, పత్రికలో మాబోటివాళ్లం ఏమైనా రాయొచ్చు. రేడియోలో మాత్రం సొంత వార్త నేరం. చదువు రానివాడికి, టీవీ లేనివాడికి అందుబాటులో ఉన్న ఒక్క మాధ్యమానికే ఈ సంకెల ఎందుకు? ప్రజాస్వామ్యంలో ఇంతకంటే సిగ్గుచేటైన నిబంధన తక్కువ.

మిగిలింది సామాజిక రేడియో. ఇక్కడ మన రాష్ట్ర చరిత్రలోనే ఒక చేదు ఉదంతం ఉంది. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 'మన రేడియో' పేరుతో, ఊరు దాటని చిన్న ట్రాన్స్‌మిటర్‌తో, తమ మాటలు తాము ప్రసారం చేసుకున్నారు. కొద్ది నెలలకే, 2003 ఆరంభంలో, లైసెన్సు లేదంటూ కేంద్ర అధికారులు దాన్ని మూయించారు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం వాళ్ల వెనుక ఉంది. చట్టప్రకారం వాళ్లు చేసింది సరైనదే కావచ్చు. కానీ ఆ రోజు మూతపడింది ఒక్క రేడియో కాదు. అడగకుండా మాట్లాడితే ఏమవుతుందో రాష్ట్రంలోని ప్రతి గ్రామ సంఘానికి తెలిసొచ్చింది. ఆ పాఠం ఎంత లోతుగా నాటుకుందో, ఆ తర్వాత ఎన్ని సంఘాలు ధైర్యం చేశాయో వెతికితే తెలుస్తుంది.

ఆ ధైర్యం చేసినవాళ్ల కథ కూడా ఊరటనిచ్చేది కాదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల చివరికే స్టూడియో కట్టుకుని, కార్యక్రమాలు రికార్డు చేసుకుని సిద్ధంగా కూర్చున్నాయి. యునెస్కో చేయూతనిచ్చింది. లైసెన్సు మాత్రం లేదు. సంఘం సమావేశాల్లో టేపులు పెట్టుకుని విన్నారు. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచాక, చివరికి 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. గ్రామీణ దళిత మహిళలు నడిపే కేంద్రం. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పాటల గురించి తమ యాసలో తాము చెప్పుకున్నారు. దాన్ని నడిపే, నర్సమ్మ అనే ఒకే పేరున్న ఇద్దరు మహిళలను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చారు. పదేళ్ల నిరీక్షణ ఒక సంపన్న ప్రసార సంస్థకు జరిగివుంటే పార్లమెంటు స్తంభించేది.

ఇప్పుడు దేశంలో దాదాపు ఐదు వందల సామాజిక రేడియోలున్నాయని ప్రభుత్వం చెబుతోంది. వాటిలో గణనీయమైన భాగం కళాశాలల ప్రాంగణాల్లోనివి. అనుమతి కోసం దరఖాస్తు హోం, రక్షణ తదితర శాఖల గుమ్మాలన్నీ తొక్కి రావాలి. దండకారణ్యాన్ని ఆనుకుని ఉన్న మండలం నుంచి వచ్చిన దరఖాస్తును ఆ గుమ్మాల్లో ఏ కళ్లతో చూస్తారో ఊహించడం కష్టం కాదు. కొండవాడి చేతిలో మైకు కనబడితే తుపాకీ కనబడినట్టు ఉలిక్కిపడే అలవాటు మన పాలనా యంత్రాంగానికి 1922 నాటిది. మావోయిస్టు ఉద్యమం చివరి దశకు చేరిందని కేంద్రమే ఇప్పుడు ఘనంగా ప్రకటిస్తోంది. అదే నిజమైతే భద్రతా కారణం అనే మాట కూడా చివరి దశకు చేరాలి కదా. మాట్లాడే వేదిక లేనిచోట గుసగుసలు, పుకార్లు, కరపత్రాలు రాజ్యమేలుతాయి. ఈ సంగతి పోలీసు అధికారులకు మనకంటే బాగా తెలుసు.

అవతలి పక్షం వాదనను కూడా న్యాయంగా చూద్దాం. మీడియం వేవ్ ఖర్చుతో కూడినది. నూరు కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ తాగే కరెంటు తక్కువేమీ కాదు, స్తంభానికి ఎకరాల కొద్దీ భూమి కావాలి. ఆ బ్యాండు పట్టే రేడియోలు బజారులో తగ్గిపోయాయి, సెల్‌ఫోన్లలో అసలు లేవు. ఇవన్నీ నిజాలు. ఈ పత్రిక పాత రేడియో మీద మమకారంతో అడగడం లేదు. కానీ ఈ పొదుపు సూత్రం అన్నిచోట్లా పాటించారా? ముప్పైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డిజిటల్ పద్ధతికి మార్చారు. ఆ డిజిటల్ ప్రసారం పట్టే సెట్టు సామాన్యుడి ఇంట్లో ఎక్కడుంది? వినేవాడు లేని ప్రసారానికి డబ్బుంది, వినడానికి మనిషి ఉన్నచోట ప్రసారానికి డబ్బు లేదు. 2018 డిసెంబరులో జాతీయ ఛానల్‌తో పాటు ఐదు ప్రాంతీయ శిక్షణ సంస్థలను మూసేశారు, అందులో హైదరాబాద్‌దీ ఒకటి. కార్యక్రమ విభాగంలో శాశ్వత నియామకాలు దశాబ్దాలుగా నామమాత్రం. క్యాజువల్ అనౌన్సర్లే కేంద్రాలను మోస్తున్నారు. కాబట్టి సాంకేతికత మారడం వల్ల రేడియో కుంగిందనడం సగం నిజం. మిగతా సగం, మనుషులను తీసుకోవడం మానేయడం వల్ల కుంగింది.

సెల్‌ఫోన్ వచ్చాక రేడియో ఎందుకన్నది మరో ప్రశ్న. 2023 జూన్‌లో ఒకేరోజు నూరు 4జీ టవర్లు ప్రారంభించారు, అందులో అధికభాగం అల్లూరి జిల్లాలోనివే. ఉపయోగమే. కానీ టవర్ల కింద కూడా సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్లు ఎందరో ఈ ప్రాంతంలో పనిచేసే ఏ టీచరునడిగినా, ఏ ఏఎన్‌ఎంనడిగినా చెబుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ నగరంలోనే ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. కొండల మాట చెప్పాలా? ఫోన్‌లో రీఛార్జి అయిపోతే ప్రభుత్వమూ, ఆసుపత్రీ, బడీ ఒకేసారి తెగిపోతాయి. రెండు బ్యాటరీలతో పలికే రేడియోకు రీఛార్జి లేదు. పోనీ ఫోనే దిక్కనుకుందాం. అందులోని ఎఫ్‌ఎం చిప్పుకు నెట్‌వర్కు అక్కర్లేదు. ఆ సౌకర్యాన్ని తొలగించవద్దని ఫోన్ల తయారీదార్లకు 2023లో కేంద్ర ఐటీ శాఖే సూచన పంపింది. సూచన పంపినవారికి తెలియనిది ఒక్కటే: చిప్పు ఉన్నా కొండ అవతల పట్టడానికి స్టేషను కావాలి.

గట్టి స్టేషను ఒకటి ఉంటే ఏం జరిగేదో ఊహ అక్కర్లేదు, బయట ఉదాహరణలు ఉన్నాయి. కొలంబియాలో సుతాతెంజా అనే కొండ ఊరిలో 1947లో ఒక యువ మతగురువు మొదలుపెట్టిన బుల్లి కేంద్రం, రైతులకు అక్షరాలు నేర్పే దేశవ్యాప్త రేడియో పాఠశాలగా పెరిగింది. బొలీవియాలో తగరపు గని కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకుని రేడియోలు నడిపారు. కెచువా, ఐమారా భాషల్లో గనివాళ్ల కష్టం, కూలి రేటు, చావు కబురు, పెళ్లి కబురు అన్నీ చెప్పుకున్నారు. 1980 సైనిక కుట్ర నాడు సైన్యం ముందుగా వెతుక్కుంటూ పోయినవాటిలో ఆ కేంద్రాలు ఉన్నాయి. పాలకులకు వాటి శక్తి తెలుసు కాబట్టే. మన దగ్గరే, పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో, రేడియో లైసెన్సు జోలికి పోకుండా 2010లో శుభ్రాంశు చౌధరి ఆరంభించిన 'సీజీనెట్ స్వర' ఫోన్ ద్వారా గోండీలో ఫిర్యాదులు రికార్డు చేయించింది. కూలి అందలేదని, బడికి పంతులు రాలేదని చెప్పిన గొంతుల్లో కొన్నింటికి అధికారులు స్పందించారు. గొంతు వినబడితే పని అవుతుంది. ఇంత తేలిక సూత్రం.

మన్యంలో పని కాకపోవడానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? అడ్డాకులు, చింతపండు, కొండచీపుర్లు మోసుకుని తెల్లారకముందే సంతకు దిగిన ఆడమనిషికి గిరిజన సహకార సంస్థ ఆ వారం ప్రకటించిన ధర ఎంతో తెలియదు. షావుకారుకు తెలుసు. 1956లో ఆ సంస్థను పెట్టిందే షావుకారు నోట్లోంచి గిరిజనుణ్ని తప్పించడానికి. పొద్దున్నే ఐదు నిమిషాలు ధరలు చదివే స్థానిక రేడియో ఉంటే ఆ సంస్థ పని సగం సులువయ్యేది. నెలలు నిండిన గర్భిణిని డోలీలో మోసుకొస్తున్నారన్న వార్త వానాకాలం రాగానే పత్రికల్లో మామూలైపోయింది. ఏ వాగు పొంగింది, ఏ దారి తెగింది, ఏ ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడు అన్నది ముందురోజు సాయంత్రం వినబడితే కొన్ని డోలీలు ఒకరోజు ముందే బయల్దేరేవి.

బడి సంగతి మరీ విడ్డూరం. ఉమ్మడి రాష్ట్రం రెండు దశాబ్దాల క్రితమే సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, గోండీ, కొలామీ, బంజారా భాషల్లో ప్రాథమిక వాచకాలు అచ్చువేసింది. అంతకంటే ముందు నుంచే 'విందాం నేర్చుకుందాం' పేరుతో బళ్లకు రేడియో సెట్లిచ్చి పాఠాలు వినిపించిన అనుభవం ఉంది. ఒక చేత్తో గిరిజన భాషల వాచకం, మరో చేత్తో రేడియో పాఠం. ఈ రెండు చేతులూ కలవలేదు. రెండు శాఖల మధ్య దస్త్రం కదలకపోవడం తప్ప దీనికి ఇంకో కారణం మాకు తోచడం లేదు. 2020లో బళ్లు మూతపడి పాఠాలు ఫోన్లలోకి, టీవీలోకి వెళ్లినప్పుడు కొండపిల్లలు రెండేళ్ల చదువు పోగొట్టుకున్నారు.

రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఢిల్లీ మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. సామాజిక రేడియో విధానం ప్రకారం విశ్వవిద్యాలయాలు, వ్యవసాయ పరిశోధన సంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు దరఖాస్తుకు అర్హులు. చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. రంపచోడవరం పక్కన పందిరిమామిడిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. పాడేరు, రంపచోడవరం ఐటీడీఏలకు ఏళ్ల తరబడి వస్తున్న నిధులున్నాయి. అర్హతకూ కొదవ లేదు, సొమ్ముకూ కొదవ లేదు. ఒక మంత్రి సమీక్షలో రేడియో అనే మాట కార్యసూచికలోకి రావాలి, అంతే. అధికారంలోకి వచ్చిన ప్రతి పార్టీ సీతారామరాజు విగ్రహానికి దండ వేసింది. ఆయన మనుషులకు మైకు ఇవ్వాలన్న ఆలోచన ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ప్రముఖంగా కనబడలేదు. ఈ మాట రాస్తున్న పత్రికలకూ ఇందులో భాగముంది: కొండ గురించి కలెక్టరేటు ప్రకటన చదివి రాయడమే విలేకరిత్వమనుకున్న రోజులు మన వృత్తికీ చాలానే ఉన్నాయి.

చేయాల్సింది తెలియక ఆగిపోయిన పని కాదిది. విశాఖ మీడియం వేవ్‌ను, ఎఫ్‌ఎం కొండకు అందే దాకా, మూసే ఆలోచన పెట్టుకోకూడదు. పాడేరు, రంపచోడవరాల్లో రిలే పెట్టెలు కాకుండా స్టూడియోలు రావాలి. స్థానిక యువతను అనౌన్సర్లుగా తీసుకోవాలి, వారిని క్యాజువల్ కూలీలుగా ఉంచకూడదు. షెడ్యూల్డు ప్రాంతాల సామాజిక రేడియో దరఖాస్తులకు కాలపరిమితి పెట్టాలి, సొంత వార్తల మీద నిషేధం ఎత్తేయాలి. ఇవేవీ చేయకపోతే 12వ సెక్షన్ కింద తాము ఏం చేశామో ప్రసార భారతి పార్లమెంటుకు లిఖితపూర్వకంగా చెప్పాలి, పార్లమెంటులో మన్యం సీటు నుంచి వెళ్లిన సభ్యులు అడిగి చెప్పించాలి.

రాజ్యాంగం ఇచ్చిన మరో దారీ ఉంది. అయిదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల పరిపాలనపై గవర్నరు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఆ నివేదికల్లో రోడ్లుంటాయి, రేషన్‌కార్డులుంటాయి, హాస్టళ్లుంటాయి. కేంద్ర సంస్థ అయిన ఆకాశవాణి తన చట్టపు బాధ్యతను ఈ కొండల్లో నెరవేర్చిందా లేదా అన్నది కూడా పరిపాలనలో భాగమే. రాబోయే నివేదికలో దానికి ఒక పేరా కేటాయించడానికి గవర్నరుకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, అదనపు బడ్జెట్టూ అక్కర్లేదు.